పదో తరగతి తరువాత ఒక్క ఏడాది

మా మేనల్లుడు పదో తరగతి పూర్తిచేసి, ఇంటర్మీడియట్ వద్దని, ఐటీఐలో వెల్డర్ ట్రేడులో చేరతానన్నప్పుడు ఇంట్లో అందరికంటే గట్టిగా అడ్డుపడినది నేనే. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ ట్రేడులకు రెండేళ్లు పడుతుంది, వెల్డర్‌కు ఒక్క ఏడాదే. అంత తక్కువ చదువుతో బతుకు ఎలా గడుస్తుందన్నది నా భయం.

నాలుగేళ్లు వర్క్‌షాపులలో చేయి తిప్పిన తరువాత, గత వారం అతడు విశాఖపట్నంలో పైపు వెల్డింగులో నేర్పును తేల్చే సిక్స్-జీ పరీక్షకు హాజరైతే తోడు వెళ్లాను. ఇందులో పైపును 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగిస్తారు. దాన్ని తిప్పడానికి వీలుండదు కనుక, వెల్డరే దాని చుట్టూ తిరుగుతూ, ఒక చోట వంగి, మరొక చోట మోకాళ్లపై కూర్చుని, తల పైకెత్తి అతుకు వేయాలి. 'రూట్' అనే మొదటి పొరను టిగ్ పద్ధతిలో, అంటే టంగ్‌స్టన్ కడ్డీతో జడవాయువు రక్షణలో వేసి, పై పొరలను కరిగిపోయే ఎలక్ట్రోడ్ కడ్డీతో నింపాడు. తరువాత ఆ అతుకును ఎక్స్‌రే తీస్తారు. లోపల గాలిబుడగలు గాని, సరిగా కరగని అంచు గాని పరిమితికి మించి కనిపిస్తే ఆ పైపు పనికిరాదు. చమురు శుద్ధి కర్మాగారాలలో, విద్యుత్ కేంద్రాలలో అధిక పీడనంతో ఆవిరి ప్రవహించే గొట్టాలకు ఇంతటి నేర్పు అవసరం కనుకనే, మరమ్మతుల కోసం కర్మాగారాన్ని ఆపే షట్‌డౌన్ పనుల కాలంలో, ముఖ్యంగా గల్ఫ్ దేశాలలో, ఇలాంటి వెల్డర్లకు సాధారణ వెల్డర్లకంటే చాలా ఎక్కువ వేతనం ఇస్తారు. ఆ పొగ, ఆ వేడి, కళ్లకు ఆర్క్ వెలుగుతో ఉండే ప్రమాదం మాత్రం నన్ను ఇప్పటికీ కలవరపెడుతున్నాయి.

నిన్న ఫలితం వచ్చింది. "మామయ్యా, రూట్ శుభ్రంగా వచ్చిందట" అని ఫోన్‌లో చెప్పాడు. ఆనాడు చేరవద్దని కోప్పడినందుకు అతనికి క్షమాపణ చెప్పాను.