మా పాప చూసింది తాతనే

పోయిన ఆదివారం మా చర్చిలో జరిగింది. ఇంకా కడుపు మండుతూనే ఉంది.

ముందు డెంగ్యూ సంగతి. జ్వరం తగ్గిందని మేమంతా సంతోషపడ్డ రోజే పాపకు కడుపునొప్పి, వాంతులు మొదలై చేతులు కాళ్ళు చల్లబడ్డాయి. డెంగ్యూలో జ్వరం దిగేటప్పుడే అసలు ప్రమాదం. రక్తనాళాల్లోంచి నీరు బయటికి పోయి బీపీ పడిపోతుంది. ప్లేట్‌లెట్ల లెక్క ఒక్కటే చూస్తూ కూర్చోకండి. హన్మకొండలో ఐసీయూలో పెట్టి బతికించారు. దేవునికి స్తోత్రం, ఆ నర్సమ్మలకు దండం.

ఇంటికొచ్చాక పాప చెప్పింది: "అమ్మా, నేను పడుకున్నప్పుడు తాత వచ్చిండు. ఇంటికి పో బిడ్డా అన్నడు." తాతంటే చనిపోయిన మా నాన్న. ములుగు వైపు ఊరు. రెండేళ్ళకోసారి మేడారం పోయి సమ్మక్క సారలమ్మలకు బంగారం, అదే బెల్లం, సమర్పించుకునే మనిషి. నేను పెళ్ళయ్యాక చర్చికొచ్చినదాన్ని.

అత్తమ్మ ఈ మాట పాస్టరయ్య చెవిన వేసింది. ఇంకేముంది, ఆదివారం సాక్ష్యం, అంటే దేవుడు చేసిన మేలు సంఘం ముందు నిలబడి చెప్పడం! కీబోర్డు మెల్లగా వాయిస్తుంటే పాప నోటి దగ్గర మైకు పెట్టాడు.

"తెల్ల వస్త్రాలు వేసుకున్నాయన వచ్చాడు కదమ్మా?"

"కాదు, తాత. లుంగీ కట్టుకున్నడు."

"ఆయన చేతుల్లో మేకుల గుర్తులు చూశావా?"

"చేతిలో చుట్ట ఉండె."

వెనక వరుసల్లో నవ్వులు. పాస్టరయ్య ముఖం మాడిపోయింది. మైకు లాక్కుని, సాతాను చచ్చినవాళ్ళ రూపంలో కూడా వస్తాడనీ, తల్లి తరఫు విగ్రహారాధన పిల్లలను పట్టి పీడిస్తుందనీ అందుకున్నాడు. నేను ఆ పక్కనే నిలబడి ఉన్నాను. వందలమంది నన్నే చూస్తున్నారు. అత్తమ్మ కళ్ళు మూసుకుని "హల్లెలూయ" అంటోంది. ఆ వెంటనే కానుకల సంచి తిప్పారు.

నేను బైబిలు ఆదికాండం నుంచి ప్రకటన దాకా చదివినదాన్ని. ఆ చర్చిలో అలా చదివినవాళ్ళు ఎంతమందో చేతులెత్తమనండి. చనిపోయిన యాయీరు కూతురు బతికి లేచాక యేసయ్య ఏం చేశాడు? ఎవరికీ చెప్పొద్దని ఆజ్ఞాపించి, పిల్లకు తిండి పెట్టమన్నాడు. మార్కు 5వ అధ్యాయం, తీసి చూసుకోండి. లాజరు నాలుగు రోజులు సమాధిలో ఉండి వచ్చాడు, అక్కడ ఏం చూశావని అడిగినట్టు యోహాను సువార్తలో ఒక్క మాట లేదు.

మీ పిల్లలు చావు తప్పించుకుని వస్తే కృతజ్ఞత మీరే లేచి రెండు ముక్కల్లో చెప్పండి. పిల్లల చేతికి మైకు ఇవ్వనివ్వకండి. వీడియో తీయొద్దని ముందే గట్టిగా చెప్పండి, అయినా తీస్తారనుకోండి.

ఆ రాత్రి పాప "తాత నరకంలో ఉన్నడా?" అని వాళ్ళ నాన్నను అడిగింది. "అది చెప్పేది దేవుడు, పాస్టర్ కాదు" అన్నాడాయన. అత్తమ్మ విని భోజనం దగ్గర్నుంచి లేచిపోయింది. ఇప్పటిదాకా నాతో మాటల్లేవు.

చర్చివాళ్ళేమో లుంగీ, చుట్ట మాటలు కత్తిరించేసి, "పరలోకం చూసొచ్చిన చిన్నారి" అని పేరు పెట్టి వీడియో యూట్యూబ్‌లో ఎక్కించారు. తీసేయమని మా ఆయన ఫోన్ చేస్తే, ఉజ్జీవ సభలు (చర్చి పెట్టే పెద్ద ప్రార్థన కూటాలు) అయిపోయాక చూద్దాంలే అన్నారట.