నాన్నను ఆరుగురున్న ఇంట్లో చేర్చేదాకా

నాన్నకి డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన మెల్లగా తగ్గిపోయే జబ్బు. పెద్దవాళ్లను దగ్గరుండి చూసుకునే కేర్ హోమ్‌లో ఆయన్ని చేర్చి ఇవాళ్టికి 12 రోజులు. డాక్టరు ఉత్తరం, రక్తపరీక్షలు, మందుల చీటీలు రెండు రోజుల్లో అయిపోయాయి. అన్నయ్యను ఒప్పించాల్సిన పనే పడలేదు. ఒక రాత్రి నాన్న తలుపు తీసుకుని వెళ్లిపోయారు. మర్నాడు అన్నయ్యే "ఇక ఇంట్లో మనవల్ల కాదు" అన్నాడు.

నన్ను ఏడిపించింది అసెస్‌మెంట్, అంటే చేర్చుకునే ముందు నాన్నకి ఎంత సాయం కావాలో వాళ్లు చూసే పరీక్ష.

మొదట వెళ్లింది పెద్ద సంస్థకి. ఫారంలో ఆరు పనులు ఉంటాయి: స్నానం, బట్టలు వేసుకోవడం, టాయిలెట్‌కి వెళ్లడం, మంచం దిగి కుర్చీలోకి మారడం, మలమూత్రాల మీద అదుపు, తినడం. ఎంత సాయం కావాలో వీటిని బట్టే లెక్కకట్టి నెల ఫీజు చెబుతారు. ఆరింటికీ 'సొంతంగా చేసుకుంటారు' అని టిక్ పెట్టాను. ఫీజు తగ్గుతుందని కాదు. నాన్న గురించి 'చేసుకోలేరు' అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

"100లోంచి 7 తీసేస్తూ వెళ్లండి" అంది, పరీక్ష చేస్తున్న ఆమె నాన్నతో. నాన్న జీవితమంతా పద్దులు రాసిన మనిషి. 93 అన్నారు. తర్వాత బొటనవేలు వేళ్ల కణుపుల మీద రెండుసార్లు తిరిగి ఆగిపోయింది. నావైపు చూశారు. ఉండబట్టలేక "86" అనేశాను. "పరీక్ష మీకు కాదు మేడమ్" అందామె.

తర్వాత స్వెటర్ విప్పి మళ్లీ తొడుక్కోమంది. నాన్న మొదటి గుండీని రెండో కాజాలో పెట్టారు. చివరికి ఒక గుండీ మిగిలిపోయింది. దాన్ని పట్టుకుని అలాగే కూర్చున్నారు. "ఈయనకి ఇదే రాదు, మీరేమో అన్నీ చేసుకుంటారని రాశారు" అని ఆయన ఎదురుగానే అంది. నాన్న తల వంచేసుకున్నారు.

జ్ఞాపకం పోయినంత మాత్రాన అవమానం తెలియకుండా పోదు. మనిషి ఎదురుగా ఉండగా ఆయన లేనట్టు మాట్లాడేవాళ్ల చేతికి మా నాన్నను ఇవ్వను. ఎంత పెద్ద భవనం కట్టుకున్నా సరే. ఫారం వెనక్కి తీసుకుని వచ్చేశాను. ఆ పని చేసినందుకు నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంది.

అయితే ఆమె అన్నదాంట్లో ఒకటి నిజం. ఉన్నది దాస్తే రాత్రిపూట పడిపోయేది నాన్నే. అందుకే రెండోచోట ఆరింటికీ ఉన్నది ఉన్నట్టు రాశాను.

ఆ రెండోది మామూలు ఇల్లు. ఉండేది ఆరుగురు. నడిపే ఆవిడ నన్ను కాకుండా ముందు నాన్నను అడిగింది, "మీకు ఏ పక్కకి తిరిగి పడుకుంటే నిద్ర పడుతుందండీ?" అని. నాన్న కాసేపు ఆలోచించి "గోడవైపు" అన్నారు. నాకు అప్పటిదాకా ఆ సంగతి తెలియదు.

వెతుకుతున్నవాళ్లు పొద్దున పూట చూడటానికి వెళ్లకండి. పొద్దువాలే వేళకి వెళ్లండి. డిమెన్షియా ఉన్న చాలామందికి అలజడి ఎక్కువయ్యేది అప్పుడే. ఆ సమయంలో అక్కడివాళ్లు ఎలా మాట్లాడుతున్నారో చూస్తే సగం తేలిపోతుంది. అయోమయం ఉన్నట్టుండి పెరిగితే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూపిస్తారా, మత్తుమందు ఇచ్చి పడుకోబెడతారా అని అడగండి. ఏ పరిస్థితిలో ఖాళీ చేయమంటారో కాగితం మీద రాయించుకోండి. చిన్న ఇంట్లో ఒక మనిషి సెలవు పెడితే లోటు వెంటనే తెలుస్తుంది, బదులు ఎవరు వస్తారో కూడా కనుక్కోండి.

ఇంకోటి, రాత్రి స్టాఫ్ మేలుకుని ఉంటారా, పిలిస్తే లేస్తారా? ఈ రెండూ ఒకటి కాదు. మేలుకునే ఉంటామన్నారు వీళ్లు. నమ్మకం కుదరక మూడో రోజు రాత్రి 2 గంటలకి ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తారు. "నాన్నగారు లేచే ఉన్నారమ్మా, నా పక్కనే కూర్చున్నారు, ఇస్తాను ఉండండి."

"ఇంకా పడుకోలేదేంటే?" అన్నారు నాన్న.