ప్ఫంట్ అంటే కుదవ

2019 ఏప్రిల్‌లో చదువుకోవడానికి జర్మనీలోని కెమ్నిట్స్‌లో దిగాను. మూడో రోజు నీళ్లు కొనడానికి సూపర్‌మార్కెట్‌కి వెళ్లాను. లీటరున్నర సీసా 19 సెంట్లు అని అరకు అంటించిన చీటీ మీద ఉంది. ఆరు తీసుకున్నాను. నా లెక్క ప్రకారం 1 యూరో 14 సెంట్లు కావాలి. బిల్లు 2 యూరోల 64 సెంట్లు వచ్చింది. అడుగుదామంటే నోట్లో మాట లేదు, వెనకాల క్యూ ఉంది. డబ్బు కట్టేసి వచ్చాను. అప్పట్లో ప్రతి సెంటునీ రూపాయల్లోకి మార్చుకునేదాన్ని కాబట్టి ఆ రాత్రి నిద్ర కూడా సరిగా పట్టలేదు.

జర్మన్‌లో ఏ1, అంటే మొదటి మెట్టు పరీక్ష, పాసయ్యే వచ్చాను. మా పుస్తకంలో కుర్చీ, కిటికీ, మేనత్త కూతురు అన్నీ ఉన్నాయి గానీ, ఆ ధర చీటీ కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న మాట మాత్రం లేదు. రాయడం ప్ఫాండ్, పలకడం ప్ఫంట్. చివరి 'డ' పలికేటప్పుడు 'ట' అయిపోతుంది. మొదట్లో 'ప', 'ఫ' రెండూ ఒకేసారి పలకాలి. కెమ్నిట్స్‌లో అంత కష్టం ఎవరూ పడరు, ఫంట్ అనేస్తారు. నా చెవికి అది చాలాకాలం 'ప్ఫుంట్' లాగే వినపడింది. ప్ఫుంట్ అంటే అర కిలో. నీళ్లకు అర కిలో ఎందుకు కలుపుతున్నారో అర్థం కాలేదు.

మూడు వారాలు తాగిన సీసాలన్నీ పసుపు రంగు చెత్తడబ్బాలో వేశాను. ప్లాస్టిక్ అందులోనే వెయ్యాలని హాస్టల్ కాగితంలో ఉంది మరి. ఒక సాయంత్రం తలుపు చప్పుడైంది. కింది అంతస్తులో ఉండే పెద్దాయన, రెండు చేతుల్లో నా సీసాలు. "డా ఇస్ట్ ప్ఫంట్ డ్రౌఫ్!" అన్నాడు. నేను తలూపాను. ఆయనకు నమ్మకం కలగలేదు. చొక్కా జేబులోంచి 20 సెంట్ల బిళ్ల ఒకటి, 5 సెంట్ల బిళ్ల ఒకటి తీసి, ఒక సీసా నా చేతిలో పెట్టి, పక్కన ఆ రెండు బిళ్లలూ పెట్టాడు. మళ్లీ బిళ్లలు మాత్రం వెనక్కి తీసుకున్నాడు. అంతకంటే మంచి జర్మన్ క్లాసు నాకు ఎక్కడా దొరకలేదు. పారేసినవి నలభైకి తక్కువ ఉండవు. పది యూరోలు.

ఆ రాత్రి డూడెన్ నిఘంటువు తెరిచాను. మొదటి అర్థం సీసా కాదు. అప్పుకు హామీగా ఇచ్చే వస్తువు. అది చదివి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఇల్లు గుర్తొచ్చింది. ఇది మా ఊరి కుదవ. కోస్తా వాళ్లయితే తాకట్టు అంటారు.

మాది ప్రొద్దుటూరు. బంగారం అంగళ్లకు పేరున్న ఊరు. కొనడం ఎంత మామూలో, కుదవ పెట్టడం అంత మామూలు. వీసాకు ముందు జర్మనీలో 8,640 యూరోలు ష్పెర్‌కోంటోలో చూపించాల్సి వచ్చింది. నెలనెలా కొంత మాత్రమే తీసుకోనిచ్చే ఖాతా అది. ఆరున్నర లక్షల పైమాట. నాయన బ్యాంకు లోను కొంత తెచ్చినాడు, మిగతాదానికి అమ్మ నాలుగు గాజులు, జేజి కాసుల పేరు కుదవకు పోయినాయి. కాబట్టి ఈ మాటకు అర్థం నేను నేర్చుకోవాల్సిన పని లేదు. నా చదువే కుదవ మీద నడుస్తోంది. సీసా కూడా అంతే: 25 సెంట్లు వాళ్ల దగ్గర ఉంటాయి, నువ్వు సీసా తెచ్చిస్తే వెనక్కి వస్తాయి. ఎవరి వస్తువు ఎవరి దగ్గర కుదవ ఉందో తేల్చుకోవడంలో కాసేపు తికమకపడ్డాను. డబ్బే కుదవ, సీసా కాదు. అయినా ఇక్కడి జనం సీసాలనే ప్ఫంట్ అంటారు. "ప్ఫంట్ తీసుకెళ్లి ఇచ్చి రావాలి" అంటే ఖాళీ సీసాల సంచి మోసుకెళ్లాలని.

అర్థం అలా ఒక్క రాత్రిలో వచ్చేసింది. లింగం రావడానికి మాత్రం ఏడాదిన్నర పట్టింది.

జర్మన్‌లో ప్రతి నామవాచకానికీ డెర్ (పుంలింగం), డీ (స్త్రీలింగం), డాస్ (నపుంసకలింగం) మూడింట్లో ఒకటి తగిలించాలి. మా క్లాసులో అందరూ 'మెడ్‌షెన్' దగ్గర గోల చేశారు. ఆడపిల్ల అనే మాట నపుంసకలింగమా అని. నాకేం ఆశ్చర్యం అనిపించలేదు. మనం 'అమ్మ వచ్చింది' అంటాం, 'బస్సు వచ్చింది' అంటాం. ఒకే క్రియ. నాకు కష్టం వేరే చోట వచ్చింది. 'అండ్' అని ముగిసే మాటలన్నీ ఒక వరసలో పెట్టి చూశాను. హాండ్, వాండ్ (చెయ్యి, గోడ) డీ. జాండ్, ష్ట్రాండ్, రాండ్ (ఇసుక, సముద్రపు ఒడ్డు, అంచు) డెర్. లాండ్ (దేశం) డాస్. ఇంక ప్ఫాండ్ ఎటు? టీచరు ఒక్క ఆధారం ఇచ్చింది: బహువచనం చూడు అని. ప్ఫెండర్. చివర 'ఎర్' వచ్చే బహువచనం ఉన్న మాట డీ కాదు. సగం తలనొప్పి తగ్గింది. మిగిలినవి డెర్, డాస్. వాటిలో నేను డెర్ పట్టుకున్నాను.

ఎందుకో ఇప్పుడు తెలుసు. ఈ మాట ముందు డాస్ అని పలకడం నా చెవిన దాదాపు పడలేదు. "ఇస్ట్ డా ప్ఫంట్ డ్రౌఫ్?" అని అడుగుతారు, దానికి కుదవ ఉందా అని. "25 సెంట్ ప్ఫంట్" అంటారు. ముందు ఏ డెర్, డాస్ లేదు. ఉన్న చోట కూడా 'మిట్ డేమ్ ప్ఫంట్' అని వస్తుంది. ఆ విభక్తిలో డెర్ అయినా డాస్ అయినా డేమ్ అవుతుంది, దొంగ దొరకడు. చెవిన పడేది సమాసాలే. సమాసానికి లింగం చివరి మాటది: సీసా వేసే మెషీన్ డెర్ ప్ఫంట్‌ఆటొమాట్, అది ఇచ్చే చీటీ డెర్ ప్ఫంట్‌బాన్. రోజూ డెర్, డెర్ అని వింటుంటే ఇంకేం అనుకోవాలి? డీ ప్ఫంట్‌ఫ్లాషె ఒక్కటే వేరే దారి, ఎందుకంటే ఫ్లాషె, అంటే సీసా, ఆడది.

రోజూ వినడమేమిటంటే, ఆ అక్టోబరు నుంచి ఒక సూపర్‌మార్కెట్‌లో పార్ట్‌టైమ్ చేశాను. నా డ్యూటీ లేర్‌గూట్, అంటే ఖాళీ సరుకు. కస్టమర్ గోడలోని రంధ్రంలో సీసా పెడతాడు, గోడ అవతల నేను. ఐన్‌వేగ్ సీసాలను మెషీన్ అక్కడికక్కడే నలిపేస్తుంది. వాటికి 25 సెంట్లు. ఐన్‌వేగ్ అంటే ఒకే దారి, పోతే మళ్లీ రాదు. కడిగి మళ్లీ నింపే మేర్‌వేగ్ సీసాలు బెల్టు మీద నిలబడి వస్తాయి. మామూలు బీరు సీసాకు 8 సెంట్లు, నీళ్ల గాజు సీసాకు 15. పది కాలాలు పనికొచ్చే సీసాకు తక్కువ, ఒక్కసారి వాడేదానికి ఎక్కువ! నాకిది తలకిందులుగా కనిపించేది. పారేసే సీసాల జోరు తగ్గించడానికే 2003 జనవరి నుంచి వాటికి కూడా కుదవ తప్పనిసరి చేశారని తర్వాత తెలిసింది. ఇరవై బీరు సీసాలున్న పెట్టెకు మొత్తం 3 యూరోల 10 సెంట్లు: సీసాలకు 1.60, పెట్టెకు 1.50. ఈ లెక్క ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

నాతో పనిచేసే యాభై ఏళ్లావిడ పక్కా కెమ్నిట్స్ మనిషి. ఆవిడ పుట్టినప్పుడు ఊరి పేరు కార్ల్‌మార్క్స్‌ష్టాట్. చిన్నప్పుడు ఇల్లిల్లూ తిరిగి సీసాలు, పాత పేపర్లు పోగేసి సేరో కేంద్రంలో, అంటే అప్పటి తూర్పు జర్మనీలో పాత సరుకు తీసుకునే చోట, ఇచ్చి డబ్బులు తెచ్చుకునేదట. "మీకు ఇది కొత్త, మాకు పాత పనే" అనేది. ఒకరోజు ఒక కస్టమర్ చీటీ పోయిందని గొడవ చేస్తుంటే నేను గోడ వెనక నుంచి "వో ఇస్ట్ డెర్ ప్ఫంట్?" (ప్ఫంట్ ఎక్కడ?) అని అరిచాను. ఆవిడ చేతిలో పెట్టె కింద పెట్టి, చాలా ఓపిగ్గా, "డాస్ ప్ఫంట్. డెర్ బాన్" అంది. తర్వాత మూడు వారాలు నన్ను చూసినప్పుడల్లా గుడ్ మార్నింగ్‌కి బదులు అదే. డాస్ ప్ఫంట్, డెర్ బాన్. ఇంక మర్చిపోవడం నా వల్ల కాలేదు.

మాట తెలిశాక ఊరంతా అదే కనిపిస్తుంది. క్రిస్మస్ సంతలో వేడి వైన్ కప్పుకు ప్ఫంట్. కార్ల్ మార్క్స్ తలకాయ విగ్రహం దగ్గర కుర్రాళ్లు తాగిన సీసాలను చెత్తడబ్బాలో వెయ్యకుండా పక్కన నిలబెట్టి పోతారు, ఏరుకునేవాళ్లు చెయ్యి లోపల పెట్టక్కర్లేకుండా. జాతీయ గీతంలో 'ఉంటర్‌ప్ఫంట్' ఉంది. ఐక్యత, న్యాయం, స్వేచ్ఛ సుఖానికి పూచీ అని చెప్పే చోట. ఒక వీధిలో ప్ఫంట్‌లైహౌస్ అనే బోర్డు కింద అద్దంలో గొలుసులు, ఉంగరాలు చూసి ఆగిపోయాను. అచ్చం మా కుదవ అంగడి. అక్కడ నెలకు నూటికి ఒకటి మించి వడ్డీ తీసుకోకూడదని చట్టం. మన లెక్కలో రూపాయి వడ్డీ. పైన ఫీజులు వేరే ఉంటాయిలెండి.

కుదవ విడిపించుకోవడానికి, సీసా చీటీ ఇచ్చి డబ్బు తీసుకోవడానికి జర్మన్‌లో ఒకటే క్రియ, ఐన్‌ల్యోజెన్. 2022లో నాకు ఉద్యోగం వచ్చిన ఆరు నెలలకు అమ్మ గాజులు విడిపించుకుంది. వీడియో కాల్‌లో చేతులు చూపిస్తూ కూర్చుంది. నేను సంతోషంలో ఈ సీసాల సంగతంతా చెప్పాను. ఇక్కడ కూడా కుదవే అమ్మా, ఇచ్చినంతా వెనక్కి ఇస్తారు, పైసా వడ్డీ లేదు అన్నాను.

అమ్మ కాసేపు ఆలోచించింది.

"ఒడ్డీ లేకుంటే ఆ అంగడోనికి ఏం మిగుల్తాది పాపా?"