ట్రినిడాడ్ సెలవుల పట్టిక

కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లోని పాయింట్ లీసాస్‌లో నేను చేసేది అమ్మోనియా ప్లాంట్‌లో షిఫ్టు ఉద్యోగం. ప్లాంట్ పండక్కి ఆగదు. ఎవరో ఒకరు కంట్రోల్ రూమ్‌లో కూర్చోవాల్సిందే. అందుకే కొత్త ఏడాది సెలవుల పట్టిక రాగానే మా దగ్గర షిఫ్టులు మార్చుకునే బేరాలు మొదలవుతాయి. "దీపావళి నాకు వదిలెయ్, క్రిస్మస్‌కి నువ్వెళ్లు" అని అడిగేది భారతీయ మూలాలున్నవాళ్లే అనుకునేరు. మా షిఫ్టులో దీపావళి సెలవు కోసం అందరికంటే ముందు పేరు రాయించుకునేది ఆఫ్రికన్ మూలాలున్న ఆపరేటర్. పక్కింటివాళ్లతో కలిసి దీపాలు పెట్టడం వాళ్ల ఇంట్లో తాతల నాటి అలవాటు.

ఈ దేశ చరిత్ర నాకు అర్థమైంది ఆ పట్టిక వల్లే. మార్చి 30 సెలవు స్పిరిచువల్ బాప్టిస్టులది. ఆఫ్రికన్ ఆచారాలు కలిసిన క్రైస్తవ శాఖ అది. గంటలు మోగిస్తూ, గొంతెత్తి పాడుతూ వాళ్లు చేసే ఆరాధనను 1917లో చట్టం పెట్టి నిషేధించారు. 1951లో ఆ చట్టం రద్దయింది. మే 30, 1845లో ఫతేల్ రజాక్ అనే ఓడ మొదటి భారతీయ కూలీలను ఈ తీరంలో దించిన రోజు. ఆగస్టు 1 బానిసత్వం నుంచి విముక్తి దినం. దానికి 1985లో జాతీయ సెలవు ఇచ్చారు. కార్నివాల్ సోమ, మంగళవారాలు చట్టప్రకారం సెలవులు కావు గానీ ఆ రెండు రోజులూ దేశంలో పని మాట ఎత్తేవాడుండడు.

ఏ సెలవూ లేని పండగే నన్ను ఎక్కువగా కదిలించింది. ఇక్కడ మొహర్రాన్ని హోసే అంటారు. మాది కరీంనగర్ వైపు పల్లె. పీర్ల కొట్టం, గుండం చుట్టూ "అసోయ్ దూలా" ఆటలు, పీర్లకు మొక్కే హిందువులు, ఇవన్నీ చూస్తూ పెరిగినవాణ్ని. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని సెయింట్ జేమ్స్‌లో హోసే రాత్రి రోడ్డు పక్కన మంట చుట్టూ తాసా డోళ్లు పెట్టి వేడి చేస్తుంటే కాళ్లు అక్కడే ఆగిపోయాయి. మేకతోలు బిగిసేదాకా కాచడం, వేలితో కొట్టి చూడడం, సరిపోకపోతే మళ్లీ మంటకు పట్టడం. మా ఊళ్లో డప్పు కాచే తీరే అది. మెడలో తాసా వేసుకున్న కుర్రాడు రెండు పుల్లలతో మొదలుపెట్టగానే పెద్ద డోలు, ఇత్తడి తాళాలు అందుకున్నాయి. వెనక రంగు కాగితాలతో, వెదురుతో కట్టిన సమాధి నమూనాలు, అంటే తాజియాలు, ప్రవక్త మనవల్లో హసన్‌కు గుర్తుగా ఆకుపచ్చ చంద్రుడు, హుసేన్‌కు గుర్తుగా ఎర్ర చంద్రుడు. బరువైన ఆ చంద్రుల్ని భుజానికెత్తుకుని తిప్పుతూ ఆడతారు.

ఈ ఊరేగింపు కోసం ఇక్కడ ప్రాణాలు పోయాయి. చెరకు తోటల్లో సమ్మెలు నడుస్తున్న కాలంలో, తోటల కూలీలు ఊరేగింపుతో పట్టణాల్లోకి రాకూడదని బ్రిటిష్ ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. 1884 అక్టోబర్ 30న శాన్ ఫెర్నాండో దగ్గర దాన్ని లెక్కచేయకుండా తాజియాలతో నడిచివచ్చిన జనం మీద కాల్పులు జరిపారు. ఎంతోమంది చనిపోయారు, వందకు పైగా గాయపడ్డారు. ఆ ఊరేగింపులో ముస్లింలతో పాటు హిందువులూ ఉన్నారు. కూలీలంతా ఒకచోట చేరడమే తోటల యజమానుల అసలు భయం అని నాకనిపిస్తుంది.

ఆ కూలీల్లో ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వచ్చిన భోజ్‌పురీ జనం. మద్రాసు రేవు నుంచి వచ్చినవాళ్లు తక్కువ. వాళ్లలో తమిళులతో పాటు మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఇప్పుడు వాళ్ల మనవలందరినీ మద్రాసీలు అనే అంటారు. భాష పోయింది, అమ్మవారి పూజ మిగిలింది. అగ్రిమెంట్ మీద వేలిముద్ర వేసి వచ్చినవాళ్ల తర్వాత, అగ్రిమెంట్ మీద సంతకం పెట్టి విమానంలో వచ్చినవాణ్ని నేను. ఇద్దరి మధ్యా ఉన్న తేడా ఊరికే రాలేదు.

ఆ తేడా ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే జూన్ 19న ఫైజాబాద్ వెళ్లాలి. ఉత్తరప్రదేశ్ ఊరి పేరే ఈ నూనె బావుల ఊరిది. 1937లో అదే రోజున సమ్మె సభలో మాట్లాడుతున్న కార్మిక నాయకుడు ఉరియా బట్లర్‌ను అరెస్టు చేయడానికి పోలీసులు రావడంతో జనం తిరగబడ్డారు. చార్లీ కింగ్ అనే పోలీసు ఆ గొడవలో ప్రాణం పోగొట్టుకున్నాడు. సమ్మె చెరకు తోటలకూ పాకింది. బట్లర్ గ్రెనడాలో పుట్టిన నల్లజాతి మనిషి. అప్పుడు చమురు కార్మికుల సంఘాన్నీ చెరకు కార్మికుల సంఘాన్నీ నడిపించిన లాయరు ఏడ్రియన్ కోలా రియెంజీ, అసలు పేరు కృష్ణ దేవ్‌నారాయణ్. రెండు జాతులనూ విడదీసి పాలించిన చోట ఇది చిన్న సంగతి కాదు.

1973 నుంచి ఆ రోజు కార్మిక దినం. నీలం చొక్కాల చమురు కార్మికులు ముందు బట్లర్ సమాధి మీద పూలదండలు ఉంచి, తర్వాత పాటలతో, నినాదాలతో చార్లీ కింగ్ జంక్షన్‌ వైపు నడుస్తారు. ఎండ మండిపోతుంది, అయినా ముసలివాళ్లు గొడుగులేసుకుని నడుస్తారు. మా ప్లాంట్‌కు కొత్తగా వచ్చే మనవాళ్లు ఆ సెలవును బీచ్‌కి పెట్టుకుంటుంటే నాకు మనసొప్పదు. ఓవర్‌టైమ్ డబ్బులు, షిఫ్టు అలవెన్సు మన ఖాతాలో పడుతున్నాయంటే వాళ్ల నడకే కారణం. ఈసారి జూన్ 19 డ్యూటీ మార్పించుకుని ఇద్దరు కొత్త కుర్రాళ్లను నాతో ఫైజాబాద్ తీసుకెళ్తున్నాను.