తిరుపతిలో ఇల్లు వెతుక్కున్న ఆరు నెలలు: నా అనుభవం

మా ఆయనకి రేణిగుంట వైపు ఉద్యోగం వచ్చి నవంబర్‌లోనే చేరాల్సి వచ్చింది. పాప అప్పుడు ఐదో తరగతి. మధ్యలో స్కూల్ మార్చడం ఇష్టం లేక నేను, అత్తయ్య, పిల్లలిద్దరూ పరీక్షలయ్యేదాకా హైదరాబాద్‌లోనే ఉండిపోయాం, ఆయన రేణిగుంటలో రూమ్ తీసుకున్నారు. విడివిడిగా ఉండటం కష్టమే, కానీ ఇల్లు వెతకడానికి అదే కలిసొచ్చింది. నవంబర్ వానలో ఒకసారి, జనవరిలో ఒకసారి, ఏప్రిల్ ఎండలో ఒకసారి, మూడుసార్లు వచ్చి ఊరంతా తిరిగాను. ఒక్కసారే వచ్చి, ఒక్క పూటలో చూసి అడ్వాన్స్ ఇచ్చి ఉంటే మొదటి ఇంట్లోనే చేరేవాళ్లం. అది తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

ఆ మొదటి ఇల్లు తిరుచానూరు రోడ్డు మీద నుంచి లోపలికి వెళ్తే ఒక కాలనీలో. రెండు బెడ్‌రూములు, తూర్పు వాకిలి, ఇంటి ముందు పారిజాతం చెట్టు, బాడుగ కూడా మేం అనుకున్నంతే. రేణిగుంటకి దగ్గర కాబట్టి మా ఆయన మనసు అప్పుడే దాని మీద పడిపోయింది. నాక్కూడా నచ్చింది, కానీ వంటింట్లో గట్టు కింద అర తలుపు తీస్తే చెక్క ఉబ్బిపోయి, అడుగున పొరలు పొరలుగా విడిపోయి ఉంది. పైన కొత్త లామినేట్ అతికించారు, వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోతోంది. తర్వాత చూస్తే బోరు మోటారు నేల మీద కాకుండా నడుమెత్తు ఇటుకల దిమ్మె మీద పెట్టి ఉంది, హాల్లో ప్లగ్ పాయింట్లన్నీ భుజం ఎత్తులో ఉన్నాయి. బ్రోకర్‌ని అడిగితే పిల్లలకి అందకుండా పెట్టించారు మేడమ్ అన్నాడు.

బయటికొస్తే ఎదురింటి అరుగు మీద ఒకావిడ కనకాంబరాలు కట్టుకుంటూ కూర్చుంది. నేను పక్కన కూర్చుని, అక్కా, ఇక్కడ పిల్లలతో ఉండటానికి బాగుంటుందా అని అడిగాను. ఆవిడ పూలు కట్టడం ఆపకుండానే, "మనుషులు మంచోళ్లేమ్మా. వానలే కష్టం. 2021లో ఆ ఇంట్లో ఫ్రిజ్ తేలింది" అంది.

2021 నవంబర్ వానల గురించి హైదరాబాద్‌లో ఉండి టీవీలో చూశాం కానీ, అది ఎవరో ఒకరి వంటిల్లు అని అప్పుడు అనిపించలేదు. స్వర్ణముఖి పొంగి వంతెనలు కొట్టుకుపోయాయి, లక్ష్మీపురం సర్కిల్ దగ్గర నీళ్లు నిలిచాయి, రాయలచెరువు కట్టకి గండి పడుతుందేమో అని కింది ఊళ్లు ఖాళీ చేయించారు. తిరుపతికి అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. శేషాచలం మీద పడ్డ నీళ్లన్నీ కిందికి దిగాల్సిందే, ఊరేమో ఆ కొండ కాళ్ల దగ్గరే ఉంది. చెరువుల మధ్యా, వంకల (వాగుల) పక్కనా కాలనీలు వచ్చేశాయి. అందుకని నేను ఆ రోజు నుంచి ఏ ఇల్లు చూసినా ముందు రెండే అడిగాను: ఈ ఇంటికి నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి, ఈ వీధిలో పడ్డ నీళ్లు ఎక్కడికి పోతాయి. స్కూలు, బాడుగ, వాస్తు, అన్నీ దీని తర్వాతే.

ఈ ప్రశ్నలు బ్రోకర్‌ని అడిగి లాభం లేదు. చెడ్డవాడని కాదు, నెల బాడుగ అతని కమీషన్, అతని పని అతనిది. వీధి చివర ఇడ్లీ బండి అతన్ని, ఇస్త్రీ బండి అతన్ని, వాటర్ ట్యాంకర్ డ్రైవర్‌ని అడగండి. జనవరిలో మంగళం, కరకంబాడి రోడ్డు వైపు కొన్ని కొత్త ఇళ్లు చూశాం, విశాలమైన రోడ్లు, కొండ ఎదురుగా కనిపిస్తుంటే అత్తయ్య ఫోన్‌లో వీడియో చూసి అక్కడే ఉందామన్నారు. కానీ ఏప్రిల్‌లో మళ్లీ అదే వీధికి వెళ్తే ఇంటింటి ముందూ ట్యాంకర్ పైపులే. ఒక ట్యాంకర్ అన్నని అడిగితే, మార్చి నుంచి జూన్ దాకా ఈ లైన్‌లో రోజుకి ఐదారు ట్రిప్పులు మామూలే మేడమ్, బోర్లు ఎండిపోతాయి అన్నాడు. ముసలావిడ, చిన్న పిల్లలు ఉన్న ఇంట్లో నాకది కుదరదు. ఊళ్లో కొన్ని చోట్ల కల్యాణి డ్యామ్ నీళ్లు, తెలుగుగంగ నీళ్లు వస్తాయి, శివారు పంచాయతీల్లో చాలా వరకు బోరే దిక్కు. కాబట్టి కుళాయి ఉందా అని కాదు, ఏ రోజు, ఎంతసేపు వస్తుందో అడగాలి. కొండ కింద వీధుల్లో చిరుతపులి గురించి కూడా అడగండి, యూనివర్సిటీ క్యాంపస్‌లోకే వచ్చిన సందర్భాలున్నాయి.

ఊరి మధ్యలో ఉండొచ్చు కదా అని చాలామంది అన్నారు. లీలామహల్ సర్కిల్, కపిలతీర్థం రోడ్డు చుట్టూ కూడా తిరిగాం. అక్కడ భక్తుల కార్లూ, బస్సులూ, లాడ్జీలూ రాత్రీ పగలూ ఉంటాయి. శ్రీనివాస సేతు అనే ఫ్లైఓవర్ 2023లో పూర్తిగా తెరిచాక పై నుంచి పోయే బండ్లు పోతున్నాయి కానీ, శని ఆదివారాల్లో కింద పిల్లాడికి సైకిల్ నేర్పించే పరిస్థితి లేదు. తిరుచానూరు గుడి దగ్గర వీధులు నాకు చాలా ఇష్టం, అయితే కార్తీక బ్రహ్మోత్సవాల్లో, పంచమీ తీర్థం రోజున ఆ జనంలో ఆటో ఇంటిదాకా రావడం కష్టం. అత్తయ్యకి మూడు నెలలకోసారి స్విమ్స్ ఆసుపత్రిలో గుండె చెకప్ ఉంటుంది, ఆమెని అంత దూరం నడిపించలేం.

అద్దె ఎందుకు, స్థలం కొనుక్కోండి అని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. ఇక్కడ లెక్క గజాల్లో కాదు, అంకణాల్లో. తిరుపతిలో అంకణం అంటే 36 చదరపు అడుగులు, అంటే నాలుగు గజాలు. నెల్లూరులో అదే పేరుకి 72 అడుగులు. ఒక స్థలం బాగా చవగ్గా చెప్పారు, అడిగితే డీకేటీ భూమి, అంటే ప్రభుత్వం పేదలకి ఇచ్చిన అసైన్డ్ భూమి. చుట్టుపక్కల మఠం భూములు, చెరువు పొరంబోకులు కూడా ఉన్నాయి కాబట్టి ఈసీ (ఆ స్థలం మీద జరిగిన లావాదేవీల సర్టిఫికెట్) తీయకుండా, 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) సర్వే నంబర్ చూసుకోకుండా ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వొద్దు. మేం రెండేళ్లు బాడుగకి ఉండి, అన్ని కాలాలూ చూశాకే కొనాలని తేల్చుకున్నాం.

చివరికి తుమ్మలగుంట దాటాక పేరూరు వైపు కాస్త ఎత్తు మీద ఉన్న ఒక వీధి కుదిరింది. అక్కడా చెరువుంది, అందుకే వీధిలో ఒక పెద్దాయన్ని పట్టుకుని చెరువు నిండి మొరవ పోతే (పొర్లితే) నీళ్లు ఏ దారిన పోతాయని అడిగాను. ఆయన కర్ర తీసుకుని నాతో పాటు నడిచి, వంక ఎక్కడుందో, 2021లో నీళ్లు ఎంతదాకా వచ్చి ఆగాయో చూపించారు. మా వీధికి రెండు వీధుల కిందే ఆగాయి. మంచి ప్రశ్న అడిగినావు తల్లీ, ఎవురూ అడగరు అన్నారు. స్కూల్ వదిలే టైంకి గేటు దగ్గర అరగంట నిలబడి చూశాను, వ్యాన్ ఎక్కిన పిల్లలు ఎంతసేపట్లో ఇంటికొస్తున్నారో తల్లులని అడిగాను. పదిహేను నిమిషాలే. మా ఆయనకి మాత్రం రేణిగుంట రానూపోనూ ముప్పై కిలోమీటర్లు దాటుతుంది. దీని మీద ఇంట్లో రెండు రోజులు వాదన జరిగింది. పెద్దవాళ్లం మనం తిరుగుదాం, పిల్లలు తిరగొద్దు అని నేను గట్టిగా పట్టుబట్టాను. ఆయన ఒప్పుకున్నారు, పొద్దున్నే లేచి వెళ్తున్నారు, అలిసిపోయి వస్తారు, ఆ బాధ నాకుంది.

మే చివర్లో చేరాం. ఈ అక్టోబర్‌లో మొదటి పెద్ద వాన రాత్రి పదకొండింటికి మొదలైంది, కరెంటు పోయింది, పిల్లలు నిద్రపోయారు. నాకు పడుకోబుద్ధి కాక టార్చ్ పట్టుకుని గేటు బయట నిలబడ్డాను. ఎర్రటి నీళ్లు మా గడప ముందు నుంచి జోరుగా పారి, పక్క ఖాళీ స్థలం అంచున కాలువలో పడి, వంక వైపు పోతున్నాయి. గొడుగు వేసుకుని ఆ పెద్దాయన కూడా వచ్చి కాసేపు కాలువ వైపే చూస్తూ నిలబడ్డారు. "పోయి పండుకో తల్లీ, నీళ్లు ఈడ నిలబడవు" అన్నారు.