నంది కొండ కింద ఊరు

బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే మాలాంటి వాళ్లకు నంది కొండ అంటే తెల్లవారుజామున మూడింటికి బైకులు తీయడం, గేటు దగ్గర బండ్ల వరసలో నిలబడడం, పైకెక్కాక మంచులో సూర్యుడు కనబడకపోయినా ఫొటోలు దిగి వచ్చేయడం. నాకు ఆ సరదా ఎప్పుడో తీరిపోయింది. సంక్రాంతి ముందు శనివారం కొండెక్కే పని పెట్టుకోకుండా, దాని అవతలున్న చిక్కబళ్లాపురంలో మా పెద్దమ్మ కొడుకు ఇంట్లో దిగాను. అన్నకు ఎయిర్‌పోర్టులో ఉద్యోగం. బెంగళూరు అద్దెలు కట్టలేక పెళ్లయ్యాక ఇక్కడికి మారాడు.

బెంగళూరు ఉత్తరాన హెబ్బాళలో ఎక్కితే హైదరాబాద్ హైవే మీదే బస్సు. దేవనహళ్లి దాటినా లేఔట్ల బోర్డులు వదలవు. ప్రతి బోర్డు మీదా నంది కొండ బొమ్మే, ప్లాటు ఎక్కడున్నా సరే! అసలు కొండ ఎడమ పక్కన కనిపిస్తుంది. ఎత్తు 1478 మీటర్లు. ఊరే తొమ్మిది వందల మీటర్ల పైన ఉంది కాబట్టి కింద నుంచి అంత ఎత్తుగా అనిపించదు. కానీ సాయంత్రం ఎండ ఆ గుట్టల వెనక్కి పోగానే చలి ఒక్కసారిగా దిగుతుంది. స్వెట్టర్ తెచ్చుకోమని అన్న ఊరికే చెప్పలేదు.

బస్టాండులో బోర్డులన్నీ కన్నడంలో ఉన్నాయి, చెవిన పడేది మాత్రం చాలావరకు తెలుగే. పూలమ్మే ఆవిడ నాతో తెలుగులో, పక్కనున్న కండక్టరుతో కన్నడంలో ఒకే ఊపిరిలో బేరమాడింది. మా వదినది బాగేపల్లి. "ఏమప్పా, ఇప్పుడొస్తివా?" అని ఆమె పలకరిస్తే నెల్లూరు వాడినైన నాకు అనంతపురంలో దిగినట్టుంటుంది. వచ్చిన వెంటనే నా ముందు నానబెట్టిన అనపగింజల గిన్నె పెట్టింది. వేళ్ల మధ్య నొక్కితే తొక్క చేతిలో ఉండి పప్పు గిన్నెలో పడాలి. నావి సగం టీవీ కిందికి పోయాయి. రాత్రికి ఆ పితికిపప్పు సారు, రాగిముద్ద. ఈ చలికాలం తిండి కోసమైనా కొండ ఎక్కేవాళ్లు ఒకసారి ఈ ఊళ్లో ఆగాలి.

పొద్దున్నే నంది గ్రామంలోని భోగనందీశ్వరాలయానికి వెళ్లాం. తొమ్మిదో శతాబ్దం మొదట్లోని శాసనాల్లో ఈ గుడి ప్రస్తావన ఉంది. పక్కపక్కనే అరుణాచలేశ్వరుడు, భోగనందీశ్వరుడు, మధ్యలో ఉమామహేశ్వరుల చిన్న గుడి. యోగనందీశ్వరుడు కొండపైన ఉంటాడు. కొండ మీదికి పోయే కార్లు ఈ గుడిని పట్టించుకోవు, అందుకే ఇంత ప్రశాంతంగా ఉందేమో. మెట్ల కోనేటిని శృంగతీర్థం అంటారు. నంది కొమ్ముతో పొడిస్తే ఉబికిన నీరట. పెన్న పుట్టింది ఇక్కడేనని స్థలపురాణం. నంది కొండల్లో పుట్టి గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వైపు వెళ్లి, మళ్లీ కర్ణాటకలో పావగడ తాకి, అనంతపురం, గండికోట, సోమశిల దాటి మా నెల్లూరు దగ్గర సముద్రంలో కలిసేసరికి 597 కిలోమీటర్లు. మా అమ్మకు వీడియో కాల్ చేసి కోనేరు చూపిస్తే, "ఇంత చిన్నదా!" అంది.

ముద్దేనహళ్లి దగ్గరే కాబట్టి అక్కడికీ వెళ్లాం. 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాదుకు వరద రక్షణ పథకం ఇచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు. పూర్వీకులది గిద్దలూరు వైపు మోక్షగుండం. ఇల్లు మ్యూజియంగా ఉంది, సమాధీ ఇక్కడే. అంత పేరున్న నీటి ఇంజినీరు సొంత జిల్లాలో ఏడాది పొడవునా పారే ఏరు ఒక్కటీ లేదు. బోర్లు లోతుకు పోయాయి, చాలాచోట్ల ఫ్లోరైడ్.

అన్న సాయంత్రం కందవార చెరువు గట్టు మీదికి తీసుకెళ్లాడు. నిండుగా ఉంది. "ఇది మీ నీళ్లేరా" అన్నాడు. నేనుండేది బెంగళూరు నాగవారలో. హెబ్బాళ, నాగవార లోయల మురుగునీటిని శుద్ధిచేసి పైపుల్లో తెచ్చి ఈ జిల్లా చెరువులు నింపుతున్నారు. శుద్ధి రెండో దశతోనే, అంటే సూక్ష్మజీవులతో మలినాలు తగ్గించడంతోనే ఆపేశారని, మిగిలినవి కూడా వడకట్టి క్రిములు తీసే మూడో దశ కూడా కావాలని రైతులు ఎంతోకాలంగా అడుగుతున్నారు. నాకైతే వాళ్ల మాటే న్యాయంగా తోచింది. నా బాత్రూం నీళ్లు ఇంకొకరి బోరులోకి ఇంకేటప్పుడు ఇంకాస్త ఖర్చు పెడితే ఏం పోయింది?

వదిన మాత్రం రెండు వైపులా చూసి మాట్లాడింది. "చెరువు నిండినాక మా నాయన బోర్లో మళ్లా నీళ్లు వస్తుండాయి. టొమోటా పెట్టినాడు. తాగేదానికి మాత్రం క్యాన్లే."

ఊరు నచ్చింది కదా, ఇక్కడికే వచ్చేయమన్నాడు అన్న. వాడికి ఎయిర్‌పోర్టు దగ్గర. నాకు రోజూ రానూపోనూ వంద కిలోమీటర్లు, అందులో హెబ్బాళ జంక్షన్ రెండుసార్లు. కుదరదని చెప్పాను. అనపకాయలు అయిపోయేలోపు ఇంకోసారి రమ్మంది వదిన. దానికి మాత్రం సరేనన్నాను.