గేటు ఎత్తిన తరువాత

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, కొలంబియా నదిలో కలిసే ఒక ఉపనది ఒడ్డున ఉన్న సాల్మన్ హేచరీలో, అంటే సాల్మన్ చేపల గుడ్లను పొదిగించి పిల్లలను పెంచి నదిలోకి వదిలే కేంద్రంలో, నేను పనిచేస్తున్నాను. మేము వదిలే లక్షలాది పిల్లల్లో సముద్రానికి వెళ్లి, పెరిగి, తిరిగి వచ్చేవి ఎన్ని అన్నదే ఈ ఉద్యోగంలో నన్ను వదలని ప్రశ్న. ఎగువ ప్రాంతపు సాల్మన్ నూటికి 2 నుంచి 6 దాకా తిరిగి రావాలన్నది ఇక్కడి లక్ష్యం కాగా, చాలా ఏళ్లలో చాలా హేచరీల చేపలు నూటికి ఒకటైనా రావు.

హేచరీలో గుడ్లలో అత్యధిక భాగం పిల్లలై బతుకుతాయి. నదిలో మాత్రం బలహీనమైనవి, ఏమరుపాటుగా ఉన్నవి మొదట్లోనే రాలిపోతాయి. ఆ వడపోత మా దగ్గర జరగదు. మేత బకెట్ పట్టుకుని సిమెంటు కాలువ గట్టున నడుస్తుంటే, నా నీడ నీటిమీద పడగానే పిల్లలు ఒకదానినొకటి తోసుకుంటూ పైకి వస్తాయి. నదిలో పుట్టిన పిల్ల అయితే అదే నీడకు బెదిరి రాళ్ల సందున దాక్కుంటుంది. మేము వదిలినవి కొలంబియా ముఖద్వారం చేరేసరికి, ఈస్ట్ శాండ్ ద్వీపం పరిసరాల్లో కాస్పియన్ టెర్న్‌ పక్షులు, నీటికాకులు వాటిని తినడానికి కాచుకుని ఉంటాయి.

వదిలే సమయం కూడా ముఖ్యమే. ఒంటిమీది చారలు మాసి, ముట్టుకుంటే వెండి పొలుసులు చేతికి అంటుకునే దశలో మొప్పలు ఉప్పునీటికి సిద్ధమవుతాయి. మేత ఎక్కువై త్వరగా పెరిగిన చినూక్ అనే సాల్మన్ రకం మగపిల్లల్లో కొన్ని ముందే పక్వానికి వచ్చి, సముద్రానికి పోకుండా నదిలోనే ఉండిపోతాయి. బతికి వచ్చినవాటి సంతానం సంగతి మరింత కలవరపెట్టేది: ఒరెగాన్‌లోని హుడ్ నదిలో సాల్మన్‌లాగే సముద్రానికి వెళ్లి తిరిగి వచ్చే స్టీల్‌హెడ్ చేపలపై 2007లో వెలువడిన అధ్యయనం ప్రకారం, హేచరీలో గడిపిన ఒక్కో తరానికీ నదిలో సంతానాన్ని నిలుపుకునే శక్తి దాదాపు 40 శాతం తగ్గుతుంది.

లెక్క తెలియడానికి, వదిలేముందు చాలా పిల్లలకు తోకకు ముందున్న చిన్న రెక్కను కత్తిరించి, వాటిలో కొన్నింటి ముక్కులోకి మిల్లీమీటరు పొడవున్న తీగముక్కను ఎక్కిస్తాము. ఏళ్ల తరువాత దొరికిన చేప తల కోసి, ఆ తీగమీది సంకేతాన్ని సూక్ష్మదర్శినిలో చదివితే అది ఏ హేచరీదో తెలుస్తుంది.

ఇప్పుడు కొన్నిచోట్ల కాలువలపై నీడ కప్పి, నీటి అడుగున మేత వేసి, తక్కువ పిల్లలను పెంచి, గేటు తెరిచి వాటంతట అవే వెళ్లేలా చూస్తున్నారు. నాకిది సరైన దారి అనిపిస్తుంది. 1855 ఒప్పందాల ద్వారా ఈ చేపపై హక్కు నిలుపుకున్న యాకమా తెగకు చెందిన సహోద్యోగులు, ఎన్ని వదిలామని కాక ఎన్ని వచ్చాయని అడుగుతారు. మా వార్షిక నివేదిక మొదటి పేజీలో మాత్రం ఇంకా వదిలిన పిల్లల సంఖ్యే ఉంటోంది. ఆ స్థానంలో తిరిగి వచ్చిన చేపల లెక్క రావాలని ప్రతి సమావేశంలోనూ అడుగుతూనే ఉన్నాను.